పాత బైకు క్లచ్ స్లిప్ అవుతోందా? తరచుగా అడిగే ప్రశ్నలు

సీడీ100, స్ప్లెండర్, ప్యాషన్, ఆర్‌ఎక్స్100, పాత కాస్ట్ ఐరన్ బుల్లెట్. ఇవన్నీ ఇప్పటికీ మన రోడ్ల మీద రోజూ పనికి వెళ్ళొస్తున్న బళ్ళు. వీటిలో ఏదైనా ఎత్తు ఎక్కలేక మొరాయిస్తే షెడ్డులో మొదట వినిపించే మాట "క్లచ్ పోయింది, విప్పాలి" అని. చాలాసార్లు ఆ మాట నిజమే అవుతుంది. కానీ విప్పకుండానే సరిపోయే సందర్భాలు కూడా చాలా ఉంటాయి. అందుకే ఇక్కడ జవాబులన్నీ ఒకే వరుసలో నడుస్తాయి: ముందు అది క్లచ్ లోపమేనా అని తేల్చుకోవడం, తరవాత వైరు, ఆయిలు, ఆ తరవాతే ఇంజిన్ కవర్. ఈ వరుస తప్పితే డబ్బు వృథా అవుతుంది. కొత్త ప్లేట్లు వేసినా జబ్బు అలాగే ఉండిపోవచ్చు.

క్లచ్ స్లిప్ అంటే సరిగ్గా ఏం జరుగుతోంది?

ఇంజిన్ తిప్పేది క్లచ్ హౌసింగ్‌ను, అంటే బయటి గిన్నెను. ఆ హౌసింగ్ గాళ్ళలో ఫ్రిక్షన్ ప్లేట్ల (రాపిడి పదార్థం అతికించిన ప్లేట్ల) చెవులు కూర్చుంటాయి. వాటి మధ్య ఒకటి విడిచి ఒకటి స్టీలు ప్లేట్లు ఉంటాయి. స్టీలు ప్లేట్ల పళ్ళు లోపలి హబ్‌ను పట్టుకుని ఉంటాయి. హబ్ గేర్‌బాక్స్ షాఫ్టు మీద ఉంటుంది. అంటే ఇంజిన్‌కూ గేర్‌బాక్సుకూ మధ్య నట్టులూ బోల్టులతో కట్టిన బంధం ఏదీ లేదు. స్ప్రింగులు ఈ ప్లేట్లన్నిటినీ కలిపి నొక్కి పట్టుకుంటాయి, ఆ రాపిడితోనే బండి కదులుతుంది.

మీరు లివర్ లాగితే స్ప్రింగుల నొక్కుడు తీసేసినట్టు, వదిలితే తిరిగి ఇచ్చినట్టు. లివర్ పూర్తిగా వదిలేసిన తరవాత కూడా ప్లేట్లు ఒకదాని మీద ఒకటి జారుతుంటే అదే స్లిప్. దానికి మూలం మూడింటిలో ఒకటి అయి ఉంటుంది. స్ప్రింగుల బలం ప్లేట్ల దాకా పూర్తిగా చేరడం లేదు, లేదా ప్లేట్లలో పట్టు తగ్గింది, లేదా వాటి మధ్యకు రాకూడని ఆయిలు వచ్చింది.

ఏ లక్షణాలు కనిపిస్తే అనుమానించాలి?

అన్నిటికంటే ముందు వచ్చేది శబ్దానికీ వేగానికీ పొత్తు కుదరకపోవడం. రేజ్ ఇస్తే ఇంజిన్ గట్టిగా అరుస్తుంది, బండి మాత్రం అదే వేగంలో ఉంటుంది. మొదట్లో ఇది టాప్ గేరులో, వెనక మనిషి ఉన్నప్పుడు, ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రమే తెలుస్తుంది. ఒక్కరే చదును రోడ్డు మీద వెళ్తుంటే బండి బాగున్నట్టే ఉంటుంది. ముదిరేకొద్దీ మూడో గేరులో, రెండో గేరులో కూడా మొదలవుతుంది.

మైలేజీ తగ్గడం, ఇంజిన్‌కు క్లచ్ ఉన్న పక్క (పాత బుల్లెట్‌లో ఎడమ, మిగతావాటిలో కుడి) మామూలుకంటే ఎక్కువ వేడెక్కడం, కొత్తగా పోసిన ఆయిలు త్వరగా నల్లబడి మాడు వాసన రావడం కూడా తోడవుతాయి. ఆ మాడు వాసన పాత ఆయిలు వాసనకంటే ఘాటుగా, వేరుగా ఉంటుంది. ఒకసారి చూసినవాళ్ళు మళ్ళీ గుర్తుపట్టగలరు.

రోడ్డు మీద పరీక్ష ఎలా చేయాలి?

ఖాళీగా ఉన్న చదును రోడ్డు చూసుకోండి, హెల్మెట్ పెట్టుకోండి. ఇంజిన్ బాగా వేడెక్కేదాకా కొంత దూరం నడపండి. టాప్ గేరులో 40 కిలోమీటర్ల వేగం దగ్గర స్థిరంగా ఉంచి, ఒక్కసారిగా రేజ్ పూర్తిగా ఇవ్వండి. బాగున్న క్లచ్ అయితే ఇంజిన్ శబ్దం, వేగం కలిసే నెమ్మదిగా పెరుగుతాయి. పాత 100 సీసీ బండికి అంత వేగంగా ఎత్తుకునే శక్తి లేదు కాబట్టి శబ్దం కూడా ఒక్కసారిగా పెరగకూడదు. రేజ్ ఇవ్వగానే శబ్దం గభాల్న పైకి లేచి, వేగం ముల్లు ఉన్నచోటే ఉండి, రేజ్ తగ్గించగానే శబ్దం మళ్ళీ కిందికి దిగితే అది స్లిప్పే.

స్ప్లెండర్ లాంటి బళ్ళకు ఆర్‌పీఎం మీటరు లేదని బెంగ అక్కర్లేదు. చెవి చాలు. చదును రోడ్డు మీద తేలకపోతే ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు, వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని ఇదే చేయండి. శ్రీశైలం ఘాట్ లాంటి దారిలో అయితే పరీక్ష చేయాల్సిన పని కూడా లేదు, బండే చెప్పేస్తుంది.

నిలబడిన చోటే చూసే పద్ధతి లేదా?

ఉంది కానీ దాని హద్దు తెలుసుకుని వాడాలి. ఇంజిన్ ఆపి, టాప్ గేరు వేసి, లివర్ వదిలేసి బండిని ముందుకు తోయండి. కంప్రెషన్ అడ్డు తగిలి బండి ఆగి ఆగి కదలాలి, లోపల ఇంజిన్ తిరుగుతున్నట్టు తెలియాలి. అలా కాకుండా న్యూట్రల్‌లో ఉన్నట్టు జారిపోతే క్లచ్ బాగా పాడైనట్టు. అయితే మొదటి దశలో ఉన్న స్లిప్ ఈ పరీక్షకు దొరకదు.

ముందు చక్రం గోడకు ఆనించి, టాప్ గేరులో రేజ్ ఇస్తూ క్లచ్ వదిలే పద్ధతి కొందరు మెకానిక్‌లు చేస్తారు. ఇంజిన్ వెంటనే ఆగిపోతే క్లచ్ పట్టు ఉన్నట్టు, ఆగకుండా తిరుగుతుంటే స్లిప్. ఫలితం సరిగ్గానే వస్తుంది కానీ ఆ కాసేపట్లో ప్లేట్లు మాడతాయి. రోడ్డు పరీక్ష చేయగలిగినప్పుడు దీని జోలికి వెళ్ళొద్దు. చేయాల్సి వస్తే ఒక్కసారి, ఒకటి రెండు సెకన్లు మాత్రమే.

మొదటి గేరులో బాగా లాగుతోంది. మరి టాప్‌లోనే ఎందుకు జారుతుంది?

మొదటి గేరులో బండి తేలిగ్గా కదులుతుంది. ఇంజిన్ బలమంతా పడకముందే వేగం పెరిగిపోతుంది, మీరు గేరు మార్చేస్తారు. టాప్ గేరులో గాలి, ఎత్తు, బరువు అన్నీ ఎదురు నిలుస్తాయి. బండి త్వరగా వేగం అందుకోదు. ఇంజిన్ తన పూర్తి బలాన్ని చాలాసేపు క్లచ్ మీదుగా పంపాల్సి వస్తుంది. పట్టు కొంచెం తగ్గిన ప్లేట్లు అక్కడే దొరికిపోతాయి. అందుకే మొదటి గేరులో ఎత్తుకోవడం చూసి "క్లచ్ బాగానే ఉంది" అని తేల్చకూడదు.

క్లచ్ స్లిప్‌లా కనిపించే వేరే జబ్బులు ఏవి?

చాలా ఉన్నాయి, వీటిని వేరు చేయకుండా ప్లేట్లు కొనడం పెద్ద పొరపాటు.

బండి లాగడం లేదు, ఎత్తులో నీరసపడుతోంది, కానీ ఇంజిన్ శబ్దం కూడా పెరగడం లేదు అనుకోండి. అది క్లచ్ కాదు. కంప్రెషన్ తగ్గి ఉండొచ్చు, కార్బురేటర్, ఎయిర్ ఫిల్టర్, సైలెన్సర్ చూడాలి. వెనక బ్రేకు పట్టేసి ఉన్నా ఇలాగే ఉంటుంది. డబుల్ స్టాండ్ వేసి వెనక చక్రాన్ని చేత్తో తిప్పితే తెలిసిపోతుంది.

రేజ్ ఇస్తే కటకటమని కొట్టినట్టు శబ్దం, దాంతో పాటు కుదుపులు వస్తే చైన్ సాగి, స్ప్రాకెట్ పళ్ళు అరిగి, చైను పళ్ళ మీద ఎగురుతోంది. క్లచ్ స్లిప్‌లో ఆ కటకట ఉండదు, జారుడు మెత్తగా ఉంటుంది.

ఉన్నట్టుండి న్యూట్రల్‌లోకి వెళ్ళినట్టు ఇంజిన్ అరిచి, మళ్ళీ గేరు వేస్తేగానీ పట్టకపోతే అది గేరు జారడం. గేర్‌బాక్స్ లోపల పని. క్లచ్ స్లిప్ అయితే రేజ్ తగ్గించగానే దానంతట అదే పట్టుకుంటుంది. ఈ ఒక్క తేడా గుర్తుంటే చాలు.

ఇంకొకటి, లివర్ పూర్తిగా లాగినా బండి ముందుకు పాకడం, గేరు గట్టిగా పడటం, న్యూట్రల్ దొరక్కపోవడం. ఇది స్లిప్‌కు సరిగ్గా ఉల్టా జబ్బు, క్లచ్ వదలకపోవడం. రెంటికీ మందు వేరు. దీనికి వైరు బిగించాలి, స్లిప్‌కు వదులు చేయాలి. షెడ్డులో చెప్పేటప్పుడు "క్లచ్ ప్రాబ్లమ్" అని ఊరుకోకుండా జారుతోందా, వదలడం లేదా అన్నది స్పష్టంగా చెప్పండి.

కిక్ కొడితే రాడ్ తేలిగ్గా కిందికి పోతోంది. ఇది కూడా క్లచ్చేనా?

బండిని బట్టి ఉంటుంది. పాత స్ప్లెండర్, సీడీ100, పాత బుల్లెట్‌లలో కిక్ బలం గేర్‌బాక్స్ మీదుగా, క్లచ్ ప్లేట్ల మీదుగా ఇంజిన్‌కు చేరుతుంది. అందుకే వీటిని న్యూట్రల్‌లో కిక్ కొట్టాలి. వీటిలో కిక్ జారుతూ, ఎత్తులో కూడా బండి జారుతుంటే రెండూ ఒకే జబ్బు. బుల్లెట్‌లో చాలాసార్లు మొదట బయటపడేది కిక్ జారడమే, ఎందుకంటే ఆ కంప్రెషన్‌ను దాటించడానికి క్లచ్ బాగా పట్టాలి.

ఆర్‌ఎక్స్100 వేరు. దాన్ని గేరులో ఉంచి, క్లచ్ లాగి కూడా స్టార్ట్ చేయవచ్చు, ఎందుకంటే కిక్ నేరుగా క్లచ్ హౌసింగ్‌ను తిప్పుతుంది, ప్లేట్లతో పని లేదు. అందులో కిక్ జారితే కిక్ పళ్ళ సెట్టు చూడాలి, క్లచ్ ప్లేట్లు మార్చి లాభం లేదు.

మొదట ఏం చూడాలి?

లివర్ ప్లే. అన్నిటికంటే ముందు, అన్నిటికంటే శ్రద్ధగా చూడాల్సింది ఇదే, ఒక్క రూపాయి ఖర్చు లేదు.

లివర్‌ను ఒక వేలితో మెల్లగా లాగండి. మొదట కొంత దూరం బరువు లేకుండా వదులుగా కదలాలి, ఆ తరవాత స్ప్రింగు బరువు తగలాలి. ఆ వదులే ప్లే. హోండా కుటుంబం బళ్ళకు (సీడీ100, స్ప్లెండర్, ప్యాషన్) లివర్ కొస దగ్గర 10 నుంచి 20 మిల్లీమీటర్లు ఉండాలి. మీ బండి మాన్యువల్‌లో ఏ అంకె ఉంటే అదే ప్రమాణం. అసలు ప్లే లేకుండా లివర్ మొదటి నుంచే బిగుతుగా ఉందంటే, మీరు చెయ్యి వేయకపోయినా క్లచ్ కొంచెం లాగి పట్టుకున్నట్టే. స్ప్రింగుల బలంలో కొంత వైరే తినేస్తోంది. ఆ స్థితిలో ప్లేట్లు కొత్తవైనా జారతాయి.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. వైరు సాగితే ప్లే పెరుగుతుంది. ప్లేట్లు అరిగితే ప్లే తగ్గుతుంది. ప్లేట్ల దొంతర పల్చబడేకొద్దీ, స్ప్రింగుల బలంతో దాన్ని నొక్కే ప్రెషర్ ప్లేట్ జరిగి, దాన్ని నెట్టే రాడ్‌కు మరింత దగ్గరవుతుంది కాబట్టి ఇలా జరుగుతుంది. అంటే ఎవరూ ముట్టుకోకుండానే మీ లివర్ బిగుతవుతూ వస్తోందంటే ప్లేట్లు అరుగుతున్నాయని బండి ముందే చెబుతున్నట్టు. ఆ దశలో ప్లే సరిచేస్తే అదే సెట్టు ఇంకొంత కాలం నడుస్తుంది. వదిలేస్తే ప్లే సున్నాకు చేరి, జారుడు మొదలై, ఆ వేడికి మిగిలిన ప్లేట్లు కూడా మాడిపోతాయి.

ప్లే నేనే సర్దుకోవచ్చా?

తప్పకుండా. లివర్ దగ్గర లాక్ నట్టు వదులు చేసి అడ్జస్టర్‌ను లోపలికి తిప్పితే ప్లే పెరుగుతుంది, బయటికి తిప్పితే తగ్గుతుంది. అక్కడ చాలకపోతే ఇంజిన్ దగ్గరి చివర ఇంకో అడ్జస్టర్ ఉంటుంది, అక్కడ సర్దాలి. పై అడ్జస్టర్ చివరి మరల మీద వేలాడేలా ఎప్పుడూ వదలొద్దు.

సర్దాక హ్యాండిల్‌ను పూర్తిగా ఎడమకూ, కుడికీ తిప్పి ప్లే మళ్ళీ చూడండి. ఒక పక్కకు తిప్పినప్పుడు ప్లే పోతుంటే వైరు దారి తప్పింది, ఎక్కడో ఇరుక్కుంది. హెడ్‌లైటు డూమ్ విప్పి బిగించిన తరవాత ఇలా అవుతూ ఉంటుంది.

ఇంజిన్ దగ్గర వైరు లాగే ఆర్మ్‌ను కూడా చూడాలి. లివర్ వదలగానే అది టక్కున వెనక్కి వస్తోందా, మెల్లగా పాకుతూ వస్తోందా? పాకుతుంటే వైరు లోపల తుప్పు పట్టింది, లేదా లివర్ బోల్టు ఎండిపోయింది. పాత వైరుకు ఆయిలు పోసి చూడొచ్చు, కానీ తీగలు విడిపోయి గరుగ్గా తగులుతుంటే మార్చేయండి. నడిరోడ్డు మీద తెగే వైరు కంటే కొత్త వైరు ఎప్పుడూ చవకే.

ప్లే సరిచేయగానే జారుడు పూర్తిగా ఆగిపోతే ఇక విప్పాల్సిన పని లేదు. కొన్నాళ్ళు గమనించండి.

ఆయిలు వల్ల నిజంగా క్లచ్ జారుతుందా?

జారుతుంది. మన పాత ఫోర్ స్ట్రోక్ బళ్ళలో చాలావాటికి ఇంజిన్‌కూ, గేర్‌బాక్సుకూ, క్లచ్‌కూ ఒకటే ఆయిలు. కారులో క్లచ్ పొడిగా, విడిగా ఉంటుంది. అందుకే కార్ల ఆయిళ్ళలో, ముఖ్యంగా పల్చటి కొత్త రకాలలో, పెట్రోలు ఆదా కోసం రాపిడి తగ్గించే పదార్థాలు కలుపుతారు. ఇంజిన్‌కు అవి మంచివే. రాపిడి మీదే బతికే క్లచ్‌కు అవే శత్రువులు.

ఈ తేడా తేల్చడానికే జపాన్ వాళ్ళు 1998లో జాసో ప్రమాణం తెచ్చారు. డబ్బా వెనక జాసో ఎంఏ అని ఉంటే ఆయిల్లో మునిగే క్లచ్‌కు పనికొస్తుంది. 2006లో దాన్నే ఎంఏ1, ఎంఏ2 అని రెండుగా విడదీశారు, ఎంఏ2లో పట్టు ఇంకా ఎక్కువ. జాసో ఎంబీ అని ఉంటే అది గేర్లు లేని స్కూటర్లకు, రాపిడి తక్కువ. ఇంట్లో స్కూటరూ, బైకూ రెండూ ఉండి, ఒకే డబ్బా రెండింటికీ పోసే ఇళ్ళలో క్లచ్ జారడానికి ఇదొక కారణం. డబ్బా మీద బైకు బొమ్మ చూసి కొనొద్దు, వెనక ఉన్న అక్షరాలు చదవండి.

చిక్కదనం విషయంలో కంపెనీ చెప్పిందే వాడండి. స్ప్లెండర్ తరహా బళ్ళకు 10డబ్ల్యూ30. "పాత బండి కదా, చిక్కటిది పోద్దాం" అనే సలహా క్లచ్ స్లిప్‌కు మందు కాదు. ఇంజిన్ నున్నగా తిరుగుతుందని చెప్పి అమ్మే చిన్న సీసాల మందులు, మాలిబ్డినమ్ కలిపినవి, ఈ బళ్ళలో ఎప్పుడూ పోయొద్దు.

ఆయిలు మార్చిన వారానికే జారడం మొదలైంది. ఏం చేయాలి?

ఏ ఆయిలు పోశారో ముందు కనుక్కోండి. ఖాళీ డబ్బా దొరికితే ఇంకా మంచిది. సరైనది కాకపోతే ఇంజిన్ వేడిగా ఉండగా పూర్తిగా దించి, ఎంఏ లేదా ఎంఏ2 ఆయిలు పోసి కొన్ని రోజులు నడిపి, మళ్ళీ ఒకసారి దించి కొత్తది పోయండి. లోపల మిగిలిన పాత ఆయిలు రెండో సారికి చాలావరకు పోతుంది. ప్లేట్లు మాడకముందే ఇది చేస్తే పట్టు తిరిగి వచ్చే అవకాశం బాగా ఉంది. మాడు వాసన వచ్చేదాకా నడిపి ఉంటే ప్లేట్లు మార్చక తప్పదు.

సరైన ఆయిలు పోసినా జారుతుంటే, ఆయిలు మార్చిన రోజే షెడ్డులో క్లచ్ వైరు కూడా బిగించి ఉండొచ్చు. సర్వీసు తరవాత మొదలైన స్లిప్‌లో ప్లే చూడటం మరిచిపోవద్దు.

చల్లగా ఉన్నప్పుడు బాగుంటుంది, వేడెక్కాకే జారుతుంది. ఎందుకు?

పట్టు హద్దులో ఉందని అర్థం. ప్లేట్లు అంచుకు అరిగాయో, స్ప్రింగులు నీరసించాయో ఉంటుంది, వేడికి మిగిలిన ఆ కాస్త పట్టు కూడా చాలదు. ఎండాకాలం మధ్యాహ్నం ట్రాఫిక్‌లో మొదలై, ఉదయం షెడ్డుకు తీసుకెళ్ళేసరికి ఏమీ కనబడని బళ్ళు ఇలాంటివే. మెకానిక్‌కు చూపించే ముందు బండిని బాగా తిప్పి తీసుకెళ్ళండి. ప్లే కూడా వేడి మీద ఒకసారి చూడండి.

స్ప్రింగుల కింద వాషర్లు వేస్తే సరిపోతుందంటున్నారు. వేయించనా?

వద్దు. స్ప్రింగు కొంచెం బిగిసి జారుడు తాత్కాలికంగా తగ్గుతుంది, అందుకే ఈ చిట్కా బతికి ఉంది. కానీ లివర్ గట్టిపడుతుంది, వైరు త్వరగా తెగుతుంది, లాగినప్పుడు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి తగిలి ప్లేట్లు పూర్తిగా విడివడవు. అప్పుడు గేర్లు పడవు. అసలు అరిగిన ప్లేటు అరిగినట్టే లోపల ఉండిపోతుంది. కొత్త స్ప్రింగుల సెట్టు ధర చూస్తే వాషర్ల ఆలోచనే రాదు.

విప్పక తప్పలేదు. దగ్గరుండి ఏమేం చూడాలి?

దగ్గరుండటం నిజంగా ముఖ్యం. ఆయిలు దించినప్పుడే మొదటి సాక్ష్యం దొరుకుతుంది. అడుగున నల్లటి పొడి, పీచులాంటి ముక్కలు ఉంటే ఫ్రిక్షన్ ప్లేట్ల పదార్థం రాలుతోంది.

కవర్ తీశాక స్ప్రింగు బోల్టులు ఒకటే పూర్తిగా విప్పకుండా, ఎదురెదురుగా కొంచెం కొంచెంగా వదులు చేయాలి. ప్లేట్లు బయటికి వచ్చే వరుసను ఫోనులో ఫొటో తీసుకోండి. కొన్ని మోడళ్ళలో ఒక ఫ్రిక్షన్ ప్లేటు మిగతావాటికంటే వేరుగా ఉంటుంది, దాని చోటు మారకూడదు.

ఫ్రిక్షన్ ప్లేటు మందాన్ని వెర్నియర్‌తో (మందం కొలిచే పరికరం) మూడు నాలుగు చోట్ల కొలవండి. మాన్యువల్‌లో అరుగుదల హద్దు ఉంటుంది. అది దొరక్కపోతే షాపులో అదే మోడల్ కొత్త ప్లేటు పక్కన పెట్టి కొలవండి. మందం బాగున్నా పైభాగం అద్దంలా మెరుస్తూ, నల్లగా మాడి ఉంటే పనికిరాదు. ఎమ్రీ పేపరుతో రుద్ది మళ్ళీ వేయడం కొన్ని రోజుల ముచ్చటే.

స్టీలు ప్లేట్ల మీద నీలం మచ్చలు కనిపిస్తే బాగా కాలినట్టు. ఒక్కో ప్లేటును చదునైన అద్దం మీద పెట్టి అంచుల కింద ఫీలర్ గేజి (సందు కొలిచే పల్చటి రేకు) దూర్చి చూడండి. హోండా తరహా చిన్న బళ్ళలో 0.2 మిల్లీమీటరు దాటి వంగితే మార్చాలి. స్ప్రింగుల పొడవు కొలిచి కొత్తవాటితో పోల్చండి. ఒకటి పొట్టిదైతే అన్నీ కలిపి మార్చాలి, ఒక్కటే మారిస్తే నొక్కుడు వంకరవుతుంది.

హౌసింగ్ గాళ్ళలో ప్లేట్ల చెవులు కొట్టిన గంట్లు ఉన్నాయేమో వేలితో తడిమి చూడండి. ఇవి ఎక్కువగా క్లచ్ వదలకపోవడానికి, కుదుపుకు కారణం. సన్నగా ఉంటే ఆకురాయితో సరిచేస్తారు, లోతుగా ఉంటే హౌసింగే మార్చాలి.

స్ప్లెండర్ తరహా ఇంజిన్లలో అదే కవర్ కింద క్రాంక్ కొసన తిరుగుతూ మురికిని పట్టుకునే ఆయిలు ఫిల్టరు ఉంటుంది. ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోని చోటు అది. కవర్ ఎలాగూ తీశారు కాబట్టి దాన్ని, అడుగున ఉన్న జల్లెడను శుభ్రం చేయించండి. ఇది క్లచ్‌కు సంబంధించింది కాకపోయినా ఇంజిన్ ఆయుష్షుకు సంబంధించింది.

కొన్ని నట్లకు ప్రత్యేకమైన సాకెట్, పట్టుకునే టూలు కావాలి. ఉలి పెట్టి సుత్తితో కొట్టి నట్టు తిప్పడానికి ఒప్పుకోవద్దు. ఆ టూలు ఉన్న షెడ్డు వెతుక్కోవడమే మేలు.

ప్లేట్లు ఒక్కటే మార్చాలా, మొత్తం సెట్టా?

ఫ్రిక్షన్ ప్లేట్లు, స్ప్రింగులు ఎప్పుడూ కలిపి మార్చమనే నా సలహా. స్టీలు ప్లేట్లు కొలిచి, చదునుగా నీలం మచ్చలు లేకుండా ఉంటే ఉంచేయొచ్చు. కవర్ ప్యాకింగ్ కొత్తది వేయాలి, పాతదాన్ని గీకేటప్పుడు అల్యూమినియం మీద గీతలు పడకుండా చూడాలి. స్పేర్ల విషయంలో కంపెనీ కౌంటరు నుంచి బిల్లుతో తెచ్చుకోండి. మందం తేడా ఉన్న నకిలీ ప్లేట్లు ఎంత బాగా బిగించినా సరిగ్గా పనిచేయవు.

కొత్త ఫ్రిక్షన్ ప్లేట్లను వేసే ముందు, బండిలో పోయబోయే ఆయిల్లోనే ముంచి ఉంచాలి. ముందు రోజు రాత్రి నానబెట్టి ఇవ్వగలిగితే మంచిది. పొడిగా వేస్తే మొదటి నిమిషాల్లోనే పైభాగం మాడుతుంది. చివర్లో స్ప్రింగు బోల్టుల్ని ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించాలి. అవి దిగే గుబ్బలు అల్యూమినియంవి, అతిగా బిగిస్తే విరిగిపోతాయి.

కొత్త ప్లేట్లు వేసినా జారుతోంది. ఇప్పుడేం చేయాలి?

ముందు ప్లే, తరవాత ఆయిలు డబ్బా. ఈ రెండూ సరిగ్గా ఉంటే బిగింపులో తప్పు వెతకాలి. హోండా తరహా క్లచ్‌లో ప్రెషర్ ప్లేట్ పళ్ళు హబ్ పళ్ళలో సరిగ్గా కూర్చోవాలి. ఒక పన్ను పక్కకు కూర్చుంటే దొంతర మొత్తం దగ్గరికి రాదు, మధ్యలో సన్నటి సందు మిగిలిపోతుంది. బిగించాక బయటికి బాగానే కనిపిస్తుంది, బండి మాత్రం కదలదు, లేదా మొదటి రోజు నుంచే జారుతుంది. ప్లేట్లు ఒకటి తక్కువ వేయడం, కవర్‌లోని ఆర్మ్ తప్పు పన్ను మీద కూర్చోవడం కూడా జరుగుతాయి. ఏదైనా సరే మళ్ళీ విప్పి చూడాల్సిందే, నడుపుతూ సర్దుకుంటుందని ఎదురుచూస్తే కొత్త ప్లేట్లు కూడా పోతాయి.

ఆర్‌ఎక్స్100కు వేరే జాగ్రత్తలున్నాయా?

టూ స్ట్రోక్ కాబట్టి పెట్రోలుతో కలిసే 2టీ ఆయిలు వేరు, గేర్‌బాక్స్ ఆయిలు వేరు. క్లచ్ గేర్‌బాక్స్ ఆయిల్లో ఉంటుంది, చూడాల్సింది అదే. ఈ బండి 1996లో ఆగిపోయింది, ఇప్పుడున్నవన్నీ ఎన్నో చేతులు మారినవి, లోపల ఏ కంపెనీ ప్లేట్లు ఉన్నాయో విప్పితేగానీ తెలియదు. పోర్టింగ్ (సిలిండర్‌లోని దారులు పెద్దవి చేయడం) చేయించి, పెద్ద కార్బురేటర్ పెట్టి ఇంజిన్ బలం పెంచినవాటిలో మామూలు స్ప్రింగులు తట్టుకోలేక జారడం కూడా ఉంది. అలాంటప్పుడు ప్లేట్లు ఎన్నిసార్లు మార్చినా తిరిగి అదే జరుగుతుంది.

పాత బుల్లెట్ సంగతి?

కాస్ట్ ఐరన్ బుల్లెట్‌లో ఇంజిన్, గేర్‌బాక్స్, ఎడమ పక్క ప్రైమరీ చైన్ కేస్ మూడూ వేరువేరు, ఆయిళ్ళూ వేరు. క్లచ్ ఉండేది చైన్ కేస్‌లో. దాని లెవెల్ స్క్రూ తీసి మట్టం చూడండి. మీరు పోయకుండానే మట్టం పెరుగుతుంటే పక్కనుంచి సీలు దాటి ఆయిలు వస్తోంది. ముందు ఆ సీలు పని చూడాలి, లేకపోతే కొత్త ప్లేట్లు కూడా అదే ఆయిల్లో తడుస్తాయి.

క్లచ్‌ను నెట్టే పుష్‌రాడ్ గేర్‌బాక్స్ షాఫ్టు మధ్యలోంచి వస్తుంది. దానికి కొంచెం ప్లే ఉండాలి, వైరు వదులుగా ఉన్నా రాడ్ బిగిసి ఉంటే జారుతుంది. కేస్ విప్పినప్పుడు లివర్ లాగించి ప్రెషర్ ప్లేట్‌ను చూడండి. చుట్టూ సమానంగా లేవాలి. ఒక పక్క ముందు లేస్తుంటే స్ప్రింగుల బిగింపులో తేడా ఉంది.

జారుతున్న బండిని ఎంత దూరం నడపొచ్చు?

ఇంటికో, షెడ్డుకో చేరేంత. వైరు వదులు చేసి ప్లే ఇవ్వండి, వెనక ఎవరినీ కూర్చోబెట్టుకోకండి, పాల క్యాన్లో మూటలో ఉంటే దించేయండి. రేజ్ తక్కువగా, జారుడు మొదలవని వేగంలో వెళ్ళండి. జారుతుంటే ఇంకా రేజ్ ఇవ్వాలనిపిస్తుంది, ఆ పనే ప్లేట్లను కాల్చేది. లారీని దాటే ప్రయత్నం అసలు చేయొద్దు. దాటుతుండగా బలం అందకపోతే ప్రాణాల మీదికి వస్తుంది.

క్లచ్ త్వరగా పోవడానికి నా నడపడమే కారణమా?

కావచ్చు. సిగ్నల్ దగ్గర ఎత్తు మీద బ్రేకు బదులు హాఫ్ క్లచ్‌తో బండిని నిలబెట్టడం, ఎప్పుడూ రెండు వేళ్ళు లివర్ మీద బరువుగా ఉంచడం, రెండో గేరులో హాఫ్ క్లచ్ లాగుతూ ట్రాఫిక్‌లో పాకడం. ఈ మూడూ ప్లేట్లను తినేస్తాయి. కానీ బండి మీద రోజూ కూరగాయల మూటలో, గ్యాస్ సిలిండర్లో మోసేవాళ్ళకు క్లచ్ త్వరగా అరగడం వాళ్ళ తప్పు కాదు, ఆ పని బరువు అది. వాళ్ళు మిగతావాళ్ళకంటే తరచుగా ప్లే చూసుకోవాలి, ఆయిలు గడువు దాటనివ్వకూడదు.

సెకండ్ హ్యాండ్ బండి కొంటున్నాను. క్లచ్ ఎలా చూడాలి?

లివర్ దగ్గరి అడ్జస్టర్‌నూ, ఇంజిన్ దగ్గరి అడ్జస్టర్‌నూ చూడండి. ప్లే ఇవ్వడానికి రెండూ చివరిదాకా తిప్పేసి ఉంటే, వైరు కూడా సరైనదే అయితే, లోపల ప్లేట్లు అయిపోవచ్చాయి. లివర్ మరీ గట్టిగా ఉంటే వాషర్ల వైద్యం జరిగిందేమో అడగండి. తరవాత వెనక ఒకరిని కూర్చోబెట్టుకుని, వేడెక్కిన ఇంజిన్‌తో, ఫ్లైఓవర్ మీద టాప్ గేరు పరీక్ష. అమ్మేవాళ్ళు వీధి చివరిదాకా మాత్రమే నడపనిస్తామంటే క్లచ్ సెట్టు ఖర్చు ధరలో తగ్గించి అడగండి.

కొత్త క్లచ్ వేయించాక ఏం చేయాలి?

మొదటి కొన్ని వందల కిలోమీటర్లు పూర్తి రేజ్, ఎక్కువ బరువు పెట్టకుండా నడపండి. కొత్త ప్లేట్లు కుదురుకునేటప్పుడు కొంచెం పల్చబడతాయి, దాంతో ప్లే తగ్గుతుంది. అందుకే వారం పది రోజులకు ఒకసారి లివర్ మళ్ళీ చూసుకుని, మాన్యువల్‌లోని అంకెకు సర్దండి. షెడ్డులో బిగించి ఇచ్చిన ప్లే అలాగే ఉంటుందనుకుని వదిలేస్తే, కొత్త సెట్టు కూడా పాతదాని దారే పడుతుంది.